బూటు కింద లాగ్ ఫైలు

చిన్నప్పుడు స్కూలు నుంచి ఆలస్యంగా వస్తే మా అమ్మ నా మొహం వైపు చూసేది కాదు, కాళ్ళ వైపు చూసేది. నల్లమట్టి ఉంటే చెరువు దగ్గరికి పోయినట్టు, ఎర్రమట్టి ఉంటే కొత్త రోడ్డు వేసే చోట ఆడినట్టు. ఆ తర్వాత నేనెన్ని కథలు చెప్పినా దండగే.

ఇదే పనిని కోర్టు దాకా తీసుకెళ్ళిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఫ్రాంక్‌ఫర్ట్ కెమిస్టు గియోర్గ్ పోప్. 1908లో జర్మనీలోని రాకెన్‌హౌజెన్ దగ్గర ఒకామె హత్యకి గురయింది. అనుమానం అక్కడి ఫ్యాక్టరీ కార్మికుడొకడి మీద పడింది. అతనికి కాస్త పొలం కూడా ఉంది. ఆ రోజు నా పొలంలోనే తిరిగానన్నాడు.

అతని బూట్లు ముందురోజు రాత్రే తుడిచిపెట్టానని భార్య చెప్పింది. అంటే వాటికున్న మట్టంతా ఆ తర్వాత అంటిందే. పోప్ దాన్ని ఒక్కసారే గీకెయ్యకుండా పొరలు పొరలుగా విప్పాడు. అన్నిటికన్నా అడుగున పెద్దబాతుల రెట్ట, అది వాళ్ళింటి ముందుది. దాని మీద గడ్డి. ఆపైన ఎర్ర ఇసుకరాయి మట్టి, అది హత్య జరిగిన చోటిది. అన్నిటికన్నా పైన బొగ్గు, ఇటుకపొడి, సిమెంటు రేణువులు, అవి ఒక పాడుబడ్డ కోటవి. అతని ప్యాంటు, తుపాకీ దొరికింది ఆ కోటలోనే.

మన భాషలో చెప్పాలంటే ఇదొక లాగ్ ఫైలు. టైమ్‌స్టాంపులు లేవు, కానీ వరస ఉంది.

నాకు అంతకన్నా నచ్చింది ఇంకోటి. పోప్ అతని పొలం మట్టి కూడా తెప్పించి చూశాడు. అందులో పోర్ఫిరీ రాతిముక్కలు, పాలరంగు క్వార్ట్జు ఉన్నాయి. బూట్లకి అవేవీ లేవు. పొలమంతా తిరిగానన్నవాడి కాళ్ళకి పొలం మట్టి లేదు!

ఎర్రమట్టికి ఎర్రమట్టి సరిపోయిందంటే సరిపోదు. ఆ లెక్కన మన మహబూబ్‌నగర్‌లోనో అనంతపురంలోనో సగం జిల్లా ముద్దాయే అవుతుంది. నిందితుడు చెప్పిన చోటి మట్టి కూడా తెచ్చి చూడాలి. అది బూటుకి ఉందనుకోండి, అతని మాటకీ బలం వస్తుంది. అలా చూడకపోతే మనం ముందే అనుకున్నదే మనకి కనపడుతుంది.

ఈ నీతి చెప్పే అర్హత నాకుందా అంటే అనుమానమే. ఒకసారి అర్ధరాత్రి సర్వర్ పడిపోయింది. దానికి పది నిమిషాల ముందు మా టీములో ఒక కుర్రాడి కోడ్ ఎక్కింది. ఇంకేముంది, టైము సరిపోయింది కదా అని అందర్నీ సీసీలో పెట్టి మెయిలు కొట్టాను. తెల్లారి చూస్తే డిస్కు నిండిపోయింది, అంతే. అతని కోడ్ ఆ రాత్రి అసలు రన్నే అవ్వలేదు, లాగులో దాని లైను ఒక్కటీ లేదు. నేను ఉన్న లైన్లు చదివాను గానీ లేని లైన్ల కోసం వెతకలేదు.

సారీ చెప్పాను. "పర్లేదన్నా" అన్నాడు. కానీ ఆ మెయిలు చదివినవాళ్ళలో ఎంతమంది నా రెండో మెయిలు చదివారంటారు?