ఎర్రబోరు, నల్ల టీ

డిసెంబరు 9
భద్రాచలంలో ఎక్కిన బస్సు చింతూరు, కుంట దాటించి దింపింది. తమ్ముడి కొడుకు కిరాణా కొట్టు రోడ్డు పక్కనే. కోడలిచ్చిన టీ సిరాలా ఉంది. పొడి ఎక్కువైందా అమ్మా అన్నాను. "నీళ్లే అంత మామయ్యగారూ, అన్నం కూడా నల్లబడుతుంది."

బోరింగు దగ్గరికి వెళ్లి చూశాను. గట్టంతా కాషాయం. బిందెలో పడే నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. సాయంత్రానికి అవే ఎర్రబారాయి. ఊరి పేరు ఎర్రబోరు! బోరింగుల కంటే ఊరు పాతది, నా శ్లేష చెల్లదు.

డిసెంబరు 10
నేల లోపల గాలి తగలదు. అక్కడ ఇనుము రెండు ఎలక్ట్రాన్లు వదులుకుని ఫెర్రస్ అయానుగా కరిగి ఉంటుంది, కంటికి కనపడదు. పైకొచ్చాక ఆక్సిజన్ మూడోదీ లాక్కుంటుంది. ఫెర్రిక్ అయ్యాక కరగదు, ఎర్రమడ్డిగా దిగుతుంది. క్లాసులో పరీక్షనాళికలో మేకు వేసి రోజుల తరబడి కాచుకునేవాణ్ని. ఇక్కడ ఒక్క పూట చాలు. తాగే నీటిలో ఇనుము లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని మన ప్రమాణం.

డిసెంబరు 11
పక్కింటి పిల్లలు బడిలో హిందీ, ఇంట్లో దోర్లా. తుప్పుని హిందీలో ఏమంటారురా అంటే "జంగ్" అన్నారు. వాళ్ల నోట యుద్ధానికీ అదే పలుకు. అరుగు మీది పెద్దాయన తలెత్తి చూశాడు. 2006 జులైలో ఇక్కడి సల్వాజుడుం శిబిరం మీద మావోయిస్టుల దాడి జరిగినప్పుడు ఈ పిల్లలు పుట్టలేదు. మాట మార్చి చిలుము సంగతెత్తాను. ఇనుముకైతే తుప్పు, రాగికైతే చిలుము. మన భాషలో ఎవరి జబ్బు వాళ్లదే. చిలుము రాగిని అంటిపెట్టుకుని కాస్తుంది. తుప్పు పెచ్చులుగా రాలి లోపలి ఇనుమును మళ్లీ గాలికి అప్పగిస్తుంది.

డిసెంబరు 12
రాత్రి నిద్ర పట్టలేదు. ఈ ఇనుము నేలదా, పైపుదా?

బైలాడిలా వైపు మనసు పోయింది. 1968 నుంచి విశాఖకు దిగుతున్న ఖనిజం ఆ కొండలది. అయితే కొండలో ఇనుముందని ప్రతి బోరుకూ అంటగట్టలేం. పైపు మీదా అనుమానమే. దానికి జింకు పూత ఉంటుంది. చర్యాశీలత శ్రేణిలో జింకు ఇనుముకి పైన, కాబట్టి తను ముందు కరిగి ఇనుమును కాస్తుంది. నీళ్లలో ఆమ్లగుణం ఎక్కువైతే, పీహెచ్ 6.5 లోపుకు దిగితే, ఆ పూత నిలవదు. 1980లలో పశ్చిమాఫ్రికా చేతిపంపులను పరీక్షించిన లాంగెనెగ్గర్ తేల్చిందిదే. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లలో ఇనుము ఎక్కువుండి, కొట్టేకొద్దీ తగ్గితే పైపు పని. తగ్గకపోతే నేలది.

డిసెంబరు 13
చూడ్డానికి రసాయనాలేవీ? పక్కింటి వాకిట్లో కరక్కాయలు ఆరబోశారు!

శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుమూ బెల్లమూ నానేసి పులియబెట్టిన కసింతో దానిమీద గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుమును పట్టుకుంటే వచ్చే నలుపది. టీ ఆకులోనూ టానిన్లుంటాయి. అంటే కోడలు నాకు రోజూ గ్లాసులో కలంకారీ పోసిస్తోంది.

డిసెంబరు 14
చీకటుండగానే తొలి నీళ్లు ఒక సీసాలో పట్టాం. పిల్లలు వంతులేసుకుని ఇరవై నిమిషాలు కొట్టాక రెండో సీసా. రెండింట్లోనూ చెంచాడు కరక్కాయ కషాయం. మొదటిది కాటుక, రెండోది బూడిద రంగు. తగ్గింది గానీ పోలేదు. పైపుకీ వాటా ఉంది, నేలకీ ఉంది.

"ఎవరిది ఎక్కువ సారూ?" అన్నాడు చిన్నవాడు. కంటితో చెప్పలేమురా అన్నాను. వాడు మూడో సీసా కోసం మళ్లీ కొట్టడం మొదలెట్టాడు.

డిసెంబరు 15
కోడలు నిన్న సాయంత్రం నీళ్లను ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి ఎత్తు నుంచి పదిసార్లు పోసింది. గాలి తగిలి రాత్రికి మడ్డి దిగింది. పొద్దున పైతేట ఇసుకలో వడకట్టి టీ పెట్టింది. రంగు కుదిరింది. చక్కెర మరిచిపోయింది.