బిగువు ఏ దిక్కున?

"ఎకోలో పంపింగ్ 60 శాతం ఉందన్నారు. మరి నాలుగు మెట్లెక్కితే ఈ ఆయాసమేంటి డాక్టరుగారూ?" బీపీ, షుగర్ ఉన్న పెద్దవయసు ఆడవాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఇది. గుండె బాగానే ఉందన్నారు కాబట్టి తనది ఉత్త భయమేనని ఇంట్లో తేల్చేశారంటూ ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. కాలి మడమ పక్కన వేలితో నొక్కి తీశాను. పడిన గుంట చాలాసేపటికి గానీ పూడలేదు.

పంపింగ్ శాతం గుండె ఎంత పిండుతోందో చెబుతుంది, ఎంత సులువుగా సాగి రక్తాన్ని రానిస్తోందో చెప్పదు. ఆవిడ గుండెకు ముడుచుకోవడం వచ్చు, సాగడమే కష్టం. బిగుసుకున్న గది నిండాలంటే ఒత్తిడి పెరగాలి. ఆ ఒత్తిడి ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఎకో దీని జాడలు చూపిస్తుంది గానీ, నేరుగా కొలవాలంటే క్యాథ్ ల్యాబ్‌లో గొట్టం లోపలికి పంపాల్సిందే.

గొట్టం లేకుండా కణజాలం బిగువు కొలిచే పద్ధతిని 1995లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు ప్రకటించారు. బయటి నుంచి సన్నని కంపనం పంపి, ఆ అలలు లోపల ఎలా సాగుతున్నాయో ఎంఆర్‌ఐలో చూస్తారు. గట్టిచోట అల వేగంగా పోతుంది. కాలేయానికి ఈ పరీక్ష ఇప్పుడు వైద్యంలో వాడుకలో ఉంది. గుండె దగ్గరే ఇంకా పరిశోధన దశ. అది కొట్టుకుంటుంది, ఊపిరితో కదులుతుంది, గోడ చూస్తే సెంటీమీటరు మందమే.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు దాని అల్లిక. కట్టె నిలువునా చీలినట్టు అడ్డంగా చీలదు. గుండె కండ బిగువు కూడా పోగుల వెంట ఒకలా, అడ్డంగా మరోలా ఉంటుంది. పైగా ఎడమ జఠరిక గోడలో లోపలి పోగులు సుమారు 60 డిగ్రీలు ఒకవైపు వాలి, నడుమ వడ్డాణంలా చుట్టుకుని, బయటికొచ్చేసరికి అంతే వాలుతో రెండోవైపు తిరుగుతాయి. అందుకే బిగువును ఒక్క అంకెలో చెబితే నాకు తృప్తి ఉండదు. నీటి అణువుల కదలికను బట్టి పోగుల దిశ గీసే డిఫ్యూజన్ టెన్సర్ ఎంఆర్‌ఐని ఆ కంపనాల పరీక్షకు జోడిస్తే, ఏ దిశలో ఎంత బిగువో విడదీయొచ్చు.

ఇది ఎందుకు కావాలో ఒక పెద్దాయన్ని చూశాక బాగా తెలిసింది. ఆయనదీ ఇదే ఆయాసం. ఎకోలో గోడ మందం, ఈసీజీలో గీతలు మాత్రం పొట్టివి. రెండు మణికట్ల దగ్గరా పాత ఆపరేషన్ మచ్చలున్నాయి. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే నరం మీద ఒత్తిడి తీశారట. ఆ మచ్చలే అమిలాయిడ్ వైపు దారి చూపాయి, తర్వాతి పరీక్షలు దాన్నే ఖాయం చేశాయి. ఆయన గుండెలో పోగుల సందుల్లో ఆ ప్రొటీన్ పేరుకుంది. బీపీతో బిగిసిన గుండెలో ఎక్కువగా పెరిగేది పీచు కణజాలం. ఒత్తిడి అంకె ఇద్దరికీ ఒకటే కావచ్చు, మందులు వేరు. ఆ ఇద్దరి గుండెలూ ఏ దిక్కున ఎంత బిగిశాయో పక్కపక్కన పెట్టి చూడాలని నాకు ఎంతో ఆశ.