ఫిబ్రవరి టీకా, ఆగస్టు టీకా
2017 ఫిబ్రవరిలో కర్ణాటకయందు 9 నెలల శిశువు మొదలు 15 ఏండ్ల లోపు పిల్లలందరికిని తట్టు-రుబెల్లా టీకా వేయ నారంభించినప్పుడు, వాట్సాప్‌లో వ్యాపించిన వదంతులను నమ్మి వెనుదీసిన తలిదండ్రులు పెక్కుమంది. ఆంధ్ర, తెలంగాణములలో ఆ కార్యక్రమము ఆగస్టునగాని మొదలుకాలేదు. కర్ణాటకలోని బళ్లారి తెలుగు ఇండ్ల చుట్టరికములా, సరిహద్దు దాటి ఆంధ్రలోని గుంతకల్లు, ఆలూరు, రాయదుర్గముల దాక పరచుకొనియున్నవి. పెండ్లికో జాతరకో బస్సెక్కిన బిడ్డతో తట్టు కూడ ఎక్కగలదు, రోగి విడిచిపోయిన గదిలో సైతము దాని క్రిమి రెండు గంటల దాక గాలిలో నిలువగలదు.

"మా బిడ్డ, మా ఇష్టము" అను మాటను నేను తేలికగా త్రోసివేయజాలను. కన్నవారి భయము నవ్వదగినది కాదు. ఆశా కార్యకర్త గడపలో కూర్చుండి, కొద్దిపాటి జ్వరమో దద్దో రావచ్చునని ముందే చెప్పి, అడిగిన ప్రతి ప్రశ్నకును ఓపికతో బదులీయవలసినదే. కాని టీకా యీడు రాని పొరుగింటి పసికందుకు చుట్టునున్న పిల్లల దేహములే కోట. నూటికి 95 మందికి రెండు మోతాదులును పడిననే గాని తట్టు ఆగదు. రుబెల్లా సంగతి మరింత మర్మస్పర్శి: మగపిల్లవానికి స్వల్పజ్వరముగా వచ్చిపోవు ఆ రోగమే, తొలి మాసముల గర్భిణికి సోకినచో, కడుపులోని బిడ్డ చూపును, వినికిడిని, గుండెను చెరుపగలదు.

రెండవ మోతాదు 16 నెలలు నిండిన పిమ్మట వేయవలసినది. మీ ఇంటి తాయి కార్డు, అనగా తల్లీబిడ్డల ఆరోగ్యపత్రము, ఒకసారి తీసి చూడుడు, ఆ మోతాదు గడి ఖాళీగా నున్నచో ఈ వారమే బిడ్డను ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపొండు.