ఎవరిని నిలుపుకున్నాం?

పూతలపట్టు,
చిత్తూరు జిల్లా.



హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు ఢిల్లీకి తరలిపోవడం గురించి పోయిన ఉత్తరంలో రెండు ముక్కలే రాసి వదిలేశాను. మీలో చాలామంది ఒకే మాట అడిగారు: "జట్టే పోయాక ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి అని ఇంకా లెక్కలెందుకు?" నాకైతే ఆ లెక్కలు ఇప్పుడే గట్టిగా వేసుకోవాలనిపిస్తోంది. 2025 అక్టోబరులో ఆ క్లబ్బు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. మనకది దూరమవడం మాత్రం అంతకు రెండేళ్ల ముందే మొదలైంది, ఆటగాళ్ల ఖాతాల్లో జీతం పడని నెలల్లో. ఇంకో తెలుగు జట్టు పైకి రావాలంటే ఆ రెండేళ్లలో ఏం జరిగిందో మనకు తెలిసి ఉండాలి.

మా పూతలపట్టు నుంచి చెన్నై దగ్గర, బెంగళూరు దగ్గర. హైదరాబాదు పోవాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అందుకే మా చుట్టుపక్కల ఫుట్‌బాల్ చూసే కొద్దిమంది కుర్రాళ్లలో సగం మంది చెన్నైయిన్ అభిమానులు, మిగతావాళ్లు బెంగళూరు వైపు. నేను 2019 ఆగస్టులో, పుణె క్లబ్బు మూతపడి దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టిన రోజు నుంచే ఆ పసుపు చొక్కా వైపు నిలబడ్డాను. అప్పట్లో దేశంలోని పెద్ద లీగులో తెలుగు నేల పేరు పెట్టుకున్న జట్టు అదొక్కటే. వేరే కారణం నాకు అక్కర్లేదు.

మొదటి సీజన్ ఘోరం. 18 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే, పట్టికలో అడుగున పదో స్థానం. సీజన్ మధ్యలోనే కోచ్ ఫిల్ బ్రౌన్‌ను పంపేశారు. ఇట్లాంటప్పుడు మన దేశంలో క్లబ్బులు చేసే పని ఒకటే, జట్టు మొత్తాన్ని ఊడ్చేసి కొత్తవాళ్లను తెచ్చుకోవడం. హైదరాబాద్ అట్లా చేయలేదు. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణిని ఉంచుకున్నారు. పుణె నుంచి వచ్చిన నిఖిల్ పూజారిని, ఆశిష్ రాయ్‌ని ఉంచుకున్నారు. ఇండియన్ ఆరోస్ నుంచి ఆకాశ్ మిశ్రా అనే లెఫ్ట్ బ్యాక్‌ను, గోవా నుంచి చింగ్లెన్‌సానాను తెచ్చి పక్కన నిలబెట్టారు. కోచ్‌గా మనోలో మార్కెజ్ వచ్చారు. ఆయనకు పెద్ద పేర్ల మీద మోజు లేదు. ఇరవై ఏళ్ల కుర్రాడికి వరసగా మ్యాచ్‌లు ఇచ్చి, తప్పు చేసినా మరుసటి మ్యాచ్‌లో మళ్లీ దింపేవారు. ఆకాశ్ మిశ్రా ఆట అట్లానే పదునెక్కింది.

2022 మార్చి 20న గోవా ఫటోర్డాలో ఫైనల్. అవతల కేరళ బ్లాస్టర్స్, స్టేడియం నిండా వాళ్లవాళ్లే. ఒక గోల్ వెనకబడి, ఆట ముగియవస్తుండగా సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్‌తో స్కోరు సమం చేశాం. పెనాల్టీ షూటౌట్‌లో కట్టిమణి మూడు ఆపాడు. 3-1. రెండేళ్ల కిందట అట్టడుగున నిలిచిన జట్టులోని గోల్‌కీపరే కప్పు అందించాడు. అప్పుడతన్ని తీసేసి ఉంటే? ఆటగాళ్ల ఎంపిక గురించి ఎవరైనా వాదనకు దిగితే నేను ముందుగా కట్టిమణి పేరే చెప్తాను.

ఆ ఏడాది బార్తలోమ్యూ ఒగ్బెచె 18 గోల్స్ కొట్టి లీగులో అందరికంటే ముందున్నాడు. అప్పటికతనికి 37 ఏళ్లు. ఆ వయసు వాడికి డబ్బు పోయడమేంటని మొదట్లో విమర్శలు వచ్చాయి. నా లెక్కలో అది సరైన ఒప్పందమే. వయసు మీద పడిన విదేశీ స్ట్రైకర్‌తో ఏడాదికేడాది ఒప్పందం చేసుకోవాలి, మన దేశపు కుర్ర డిఫెండర్‌తో మూడు నాలుగేళ్లకు రాయించుకోవాలి. మన క్లబ్బుల్లో ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు.

క్రికెట్ చూసే పాఠకుల కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఐపీఎల్‌లో లాగా ఫుట్‌బాల్‌లో వేలం లేదు, రిటెన్షన్ జాబితా లేదు. ఒప్పందం గడువు తీరితే ఆటగాడు ఎక్కడికైనా ఉచితంగా పోవచ్చు. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్‌మన్ కోర్టుకెక్కి 1995లో గెలిచిన తర్వాత యూరప్‌లో ఆ హక్కు స్థిరపడింది, తర్వాత ప్రపంచమంతా పాకింది. గడువు ఇంకా ఉన్నప్పుడు పంపితేనే క్లబ్బు చేతికి ట్రాన్స్‌ఫర్ ఫీజు వస్తుంది. కాబట్టి మంచి కుర్రాడి విషయంలో క్లబ్బు ఒప్పందం ముగియడానికి చాలా ముందే తేల్చుకోవాలి, పొడిగించాలా, అమ్మాలా అని. ఆఖరి ఆరు నెలల దాకా ఊరకుంటే చేతికి పైసా రాదు.

హైదరాబాద్ అమ్మకాలు చేసింది. 2021లో లిస్టన్ కొలాసోను కలకత్తా మోహన్ బగాన్‌కు అమ్మింది. ఒక భారత ఆటగాడికి అప్పటిదాకా దక్కిన పెద్ద ఫీజుల్లో అదొకటి. 2022లో ఆశిష్ రాయ్ కూడా అక్కడికే పోయాడు. 2023లో ఆకాశ్ మిశ్రా ముంబైకి. అమ్మడాన్ని నేను తప్పు పట్టను. గచ్చిబౌలి స్టేడియంలో టికెట్ల మీద వచ్చే రాబడితో ఏ క్లబ్బూ బతకలేదు. లిస్టన్ పోయిన ఏడాదే మనం కప్పు గెలిచాం, అంటే ఆ ఖాళీని సరిగ్గా పూడ్చారు. ఆశిష్ పోయాక కూడా పట్టికలో రెండో స్థానంలోనే నిలిచాం, సెమీఫైనల్‌లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల మీద ఓడాం. 2023 వేసవిలో మాత్రం ఆకాశ్, ఒగ్బెచె, కోచ్ మార్కెజ్ ముగ్గురూ ఒకేసారి వెళ్లిపోయారు. వాళ్ల జాగాలోకి వాళ్లంతటి వాళ్లు రాలేదు.

నన్ను బాధపెట్టేది ఆ తర్వాత జరిగినదే. 2023-24 సీజన్ మొదలయ్యేసరికి జీతాల బకాయిలు బయటపడ్డాయి. పాత బాకీల మీద ఫిఫా ఆంక్ష పెట్టింది, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకూడదని. ఫిఫా నిబంధనల్లో 2018 నుంచి ఒక అంశం ఉంది. రెండు నెలల జీతం బాకీ పడితే, ఆటగాడు క్లబ్బుకు రాతపూర్వకంగా తెలిపి 15 రోజులు గడువిచ్చి, అప్పటికీ డబ్బు రాకపోతే ఒప్పందం తెంచుకుని పోవచ్చు. ఉన్నవాళ్లు పోవచ్చు, కొత్తవాళ్లు రాకూడదు. రెండు తలుపులూ జట్టుకు ఎదురు తిరిగాయి. 2024 జనవరికల్లా పూజారి, చింగ్లెన్‌సానా బెంగళూరు చేరారు. విదేశీ ఆటగాళ్లలో జావో విక్టర్ ఒక్కడే మిగిలాడు.

వెళ్లినవాళ్లను ద్రోహులన్నవాళ్లు అభిమానుల్లో ఉన్నారు. ఆ మాట నేను ఎన్నటికీ ఒప్పుకోను. చింగ్లెన్‌సానా సంగతే చూడండి. 2023 మే నెలలో మణిపూర్ అల్లర్లలో చురాచాంద్‌పూర్‌లోని అతని ఇల్లు తగలబడింది. అప్పుడతను మన జట్టు తరఫున ఆడటానికి కోజికోడ్‌లో ఉన్నాడు. ఇల్లు పోయిన మనిషికి నెల జీతం ఎంత అవసరమో వేరే చెప్పాలా? అతను వెళ్లడం న్యాయం. అతన్ని వెళ్లాల్సిన స్థితికి తెచ్చిన లెక్కలే అన్యాయం.

ఈ లీగులో ఒక్కో జట్టు జీతాలకు పరిమితి ఉండేది, అప్పట్లో 16.5 కోట్లు. ఎంత ఖర్చు దాటకూడదో ఆ నిబంధన చెప్తుంది. మాట ఇచ్చినంత డబ్బు బ్యాంకులో ఉందా లేదా అన్నది చెప్పదు. సీజన్ మొదలయ్యే ముందే మొత్తం జీతాల్లో సగానికైనా బ్యాంకు గ్యారంటీ చూపించనిదే ఏ ఆటగాడినీ నమోదు చేయనివ్వకూడదని నా గట్టి అభిప్రాయం. అట్లా చేస్తే క్లబ్బులు తగ్గిపోతాయంటారు. తగ్గనీయండి. పది నెలలు జీతం ఇవ్వగలిగే ఎనిమిది జట్లు చాలు.

మిగిలినవాళ్లు ఏం చేశారో కూడా రాయాలి, లేకపోతే పాపం తగులుతుంది. తంగ్‌బోయ్ సింగ్టో కోచ్‌గా, రిజర్వు జట్టు నుంచి వచ్చిన పిల్లలతో సీజన్ పూర్తి చేశారు. 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, ఐదు డ్రాలు, ఎనిమిది పాయింట్లు, పన్నెండో స్థానం. ఆ ఒక్క గెలుపు 2024 మార్చిలో చెన్నైలో, 1-0తో. నెహ్రూ స్టేడియంలో చెన్నై అభిమానుల మధ్య కూర్చున్న మాలాంటి పిడికెడు మందికి అదే ఫైనల్. ఆట అయ్యాక ఆ పిల్లలు మా వైపు వచ్చి చప్పట్లు కొట్టారు. ఎవరి జీతం ఎన్ని నెలలు బాకీ ఉందో మాకు తెలియదు గానీ, తొంభై నిమిషాలూ పరుగెత్తడంలో ఎవరూ బాకీ పడలేదు.

2024లో బీసీ జిందాల్ గ్రూపు క్లబ్బును తీసుకుంది. సీజన్ నెత్తి మీదికి వచ్చాక హడావుడిగా జట్టు కట్టారు, 13 జట్లలో 12వ స్థానం వచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఢిల్లీ.

మా వైపు మామిడి తోటల్ని ఏడాదికి గుత్తకిస్తారు. గుత్తకు తీసుకున్నవాడు ఆ ఏటి కాయ చూసుకుంటాడు, చెట్టు కింద ఎరువు వేయడు, ఎండుకొమ్మ కొట్టడు. ఏడాది ఒప్పందాలతో, అరువు ఆటగాళ్లతో నడిచే జట్టుకూ అదే గతి.

ఇప్పుడు పాత సంగతి ఒకటి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయనే దేశానికి 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చారు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్లారు. ఆ పోలీస్ జట్టు అంతగా కలిసికట్టుగా ఆడటానికి రహీమ్ గారి బుర్ర ఒక కారణమైతే, పోలీసు ఉద్యోగం ఇంకో కారణం. ఒకటో తారీఖు జీతం. ఆట ముగిశాక కూడా కొలువు. ఇంట్లోవాళ్లు తిండికి భయపడక్కర్లేదు. కాగితం మీద కాంట్రాక్టు అనే మాట లేకపోయినా, ఈనాటి ఎన్నో కాంట్రాక్టుల కన్నా అది గట్టిది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జమాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పక్కపక్కన ఆడారు కనుకే ఒకరి పాస్ ఎటు వస్తుందో ఇంకొకరికి తెలిసేది.

అప్పుడూ వెళ్లినవాళ్లు ఉన్నారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు పోయారు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూసేదాకా ఆయన బెంగాల్‌లోనే ఉండిపోయారు. అక్కడి జనం ఆయన్ను మనకంటే ఎక్కువగా తలుచుకుంటారు. వెళ్లడానికి ముందు హైదరాబాద్‌కు సంతోష్ ట్రోఫీ గెలిపించి వెళ్లారు. వెళ్లాక ఆ ఖాళీలోకి రావడానికి ఇక్కడి గల్లీల్లో ఇంకో పదిమంది ఆడుతూ ఉండేవాళ్లు. ఆ పదిమంది ఇప్పుడేరీ?

2022 ఫైనల్లో మొదటి పదకొండు మందిలో ఒక్క తెలుగు కుర్రాడు లేడు. కప్పు గెలిచిన రాత్రి నేను ఎగిరి గంతేసినవాడినే, అయినా ఈ మాట అప్పుడూ మనసులో గుచ్చుకుంది. ఆటగాళ్లు ఉన్నారు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లి వచ్చింది, ఈస్ట్ బెంగాల్ తరఫున జాతీయ లీగు గెలిచింది, 2025లో దేశపు ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి అవార్డు అందుకుంది. ఆమెను పైకి తెచ్చిన క్లబ్బులు మనవి కావు.

ఇక మనకు మిగిలిన క్లబ్బు శ్రీనిధి డెక్కన్. 2015లో మొదలై, 2021లో ఐ-లీగ్‌లో అడుగుపెట్టి, మొదటి ఏడాదే మూడో స్థానం, తర్వాత రెండేళ్లూ రెండో స్థానం. 2023లో పంజాబ్, 2024లో మొహమ్మదన్ స్పోర్టింగ్ పై లీగుకు వెళ్లాయి, శ్రీనిధి రెండుసార్లూ ఒక మెట్టు కింద ఆగింది. ఆ క్లబ్బు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది కొలంబియా స్ట్రైకర్ డేవిడ్ కాస్తనేడాను మొదటి సీజన్ నుంచి 2024-25 దాకా నిలుపుకోవడం. విదేశీ ఆటగాళ్లు ఏడాదికొక చొక్కా మార్చే లీగులో అది పెద్ద విషయం. గోల్స్ కొట్టేవాణ్ని ఉంచుకోవడం వాళ్లకు తెలుసు. ఇక పెంచడం కూడా నేర్చుకోవాలి. అనంతపురంలో ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్ ఉంది, పల్లెల నుంచి వచ్చిన మగపిల్లలు, ఆడపిల్లలు అక్కడ ఫుట్‌బాల్ ఆడుతున్నారు. క్లబ్బు మైదానం ఉన్న అజీజ్‌నగర్ నుంచి అనంతపురానికి ఒక స్కౌట్‌ను పంపడం కష్టమా? ఏటా ఇద్దరు తెలుగు కుర్రాళ్లకు మూడేళ్ల ఒప్పందం, చదువు ఖర్చుతో సహా. విద్యాసంస్థలున్న యాజమాన్యానికి అది భారం కాదు. ఆ ఇద్దరిలో ఒకడు పనికొచ్చి పెద్ద క్లబ్బుకు పోతే, వచ్చే ఫీజుతో ఇంకో నలుగురిని పోషించవచ్చు. అప్పుడు పోతే పోనీ, నేనే దగ్గరుండి సాగనంపుతాను.

మీలో కొందరు ఒగ్బెచెను 2023లో ఇంకో ఏడాది ఉంచుకోవాల్సిందా అని వాదిస్తూ రాశారు. నా మాట: వద్దు. ముప్పై తొమ్మిదిలో పడేవాడి మీద పెట్టే డబ్బుతో ఆకాశ్ మిశ్రా లాంటివాడికి రెండేళ్లు పొడిగించడమే మేలు. ఒప్పుకోనివాళ్లు కారణాలు చూపి రాయండి, వచ్చే ఉత్తరంలో మీ వాదన మొత్తం వేస్తాను.

ఇంకో పని కూడా మీకు అప్పజెబుతున్నాను. చిత్తూరు, తిరుపతి, కడప, అనంతపురం వైపు స్కూలు గ్రౌండ్లలోనో, పండగ టోర్నమెంట్లలోనో ఎడమ కాలితో చక్కగా ఆడే పిల్లవాడు గానీ పిల్ల గానీ మీ కంటబడితే, ఊరి పేరు, ఏ గ్రౌండులో ఎప్పుడు ఆడతారో రాసి పంపండి. ఆ వివరాలన్నీ కలిపి శ్రీనిధి డెక్కన్ యాజమాన్యానికి ఒక ఉత్తరంగా పంపాలని ఉంది. ఎడమ కాలే ఎందుకంటే, మంచి లెఫ్ట్ బ్యాక్ దొరకడం ఈ దేశంలో ఏ కోచ్‌కైనా కష్టమే.

ఉంటాను.

మీ,
పూతలపట్టు అభిమాని