నాయనమ్మ తలుపు

మా నాయనమ్మకి రిజిస్టరంటే భయం. స్టూవర్టుపురం సెటిల్మెంటులో రోజూ హాజరు పలుకుతూ పెరిగిన మనిషి. 1952లో ఆ చట్టం పోయినా ఆమె భయం పోలేదు. టీకాల నర్సమ్మ పిల్లల పేర్లు రాసుకోడానికొస్తే మమ్మల్ని లోపలికి తోసి తలుపేసేది.

అలా నేను తప్పించుకున్న సూదుల్లో హెపటైటిస్ బి లేదు. అప్పటికది ప్రభుత్వం వేసే టీకా కాదు. బజార్లో దొరికేది విదేశీ సరుకు, డోసు వందల రూపాయలు, పైగా మూడు డోసులు. మా పేటలో ఎవరు కొంటారు? 1997లో శాంతా బయోటెక్నిక్స్ వాళ్ల షాన్‌వాక్-బి వచ్చి ఆ ధరని 50 రూపాయల ప్రాంతానికి దించింది. తల్లి పేరుతో ఆ కంపెనీ పెట్టిన వరప్రసాద్ రెడ్డిగారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. (కోడు రాసుకు బతికే నాకు ఇక్కడ కాస్త సిగ్గేస్తుంది.)

ఆయన గురించి నేను చదివినవన్నీ ధర దగ్గరే ఆగిపోతాయి. ధర దిగిన పద్నాలుగేళ్లకి, 2011లో గానీ ఆ టీకా దేశమంతటా ఉచితం కాలేదు. ఆ తర్వాత కూడా మా నాయనమ్మ తలుపు మిగిలే ఉంది.

మా పాపకి పుట్టినరోజునే ఆ సూది పడింది. కార్డు తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టాను. చదువు రాదు. పేరెక్కడుందో చూపించమంది. చూపించాను.

"ఇది మన దగ్గరే ఉంటదా, వాళ్లు పట్టకపోతారా?" అంది.