మా ఊళ్లో టీనీళ్లు

మా ఇంట్లో మర్యాదంతా కాఫీకే. తిరుపతి అరవదేశానికి దగ్గర కాబట్టి మా వీధిలో చాలా ఇండ్లల్లో తెల్లారేసరికి ఇత్తడి ఫిల్టరులో డికాషన్ దిగి ఉండేది. టీ అంటే డ్రైవర్లు, కూలీలు, రాత్రంతా మేలుకుని పని చేసేవాళ్లు బయట తాగేదని అమ్మ లెక్క. నాయన మాత్రం టీ మనిషి. కొండ బస్సు తోలేవాడు. ఎక్కేటప్పుడు కొత్త ఘాట్ రోడ్డు, దిగేటప్పుడు 1944లో వేసిన పాత రోడ్డు. ఆ మలుపుల్లో కన్ను మూతపడకుండా ఉండాలంటే స్టీరింగ్ పట్టేముందు ఒక స్ట్రాంగ్ టీ పడాల్సిందే. 1980లలో బడికి సెలవు వచ్చిందంటే నేనూ తెల్లవారుజామున ఆయన వెంట పోయేవాణ్ణి. టీ గురించి నాకు తెలిసిందంతా అట్లా మొదలైంది.

రైలు స్టేషనుకూ గోవిందరాజస్వామి గుడికీ నడుమ ఒక కేరళాయన అంగడి ఉండేది. అందరూ మాస్టర్ అనేవాళ్లు. అంగడి ముందర పెద్ద రాగి బాయిలర్. దాని నడుమ గొట్టంలో బొగ్గులు, చుట్టూ కాగే నీళ్లు, పక్కన కొళాయి, పైన పాలగిన్నె. ఇనుప కమ్మీకి కుట్టిన పొడుగాటి గుడ్డ సంచిలో పొడి వేసి, కొళాయి కింద మగ్గుతో పట్టిన నీళ్లు దాని మీద పోసేవాడు. సంచి కొసన డికాషన్ కుంకుమనీళ్ల రంగులో దిగేది. గ్లాసులో చక్కెర, దాని మీద పాలు, ఆ పైన డికాషన్. తర్వాత చెయ్యి పైకెత్తి గ్లాసులోంచి మగ్గులోకి, మగ్గులోంచి గ్లాసులోకి తిరగ్గొట్టేవాడు. ఒక్క చుక్క కింద పడేది కాదు. పెరటాసి నెల వచ్చిందంటే అరవ భక్తులతో వీధి నిండిపోయేది. గుండ్ల మీద తడి చందనం, చేతిలో లడ్డు సంచి, ఇంకో చేతిలో వేడి గ్లాసు. లైట్ టీ, స్ట్రాంగ్ టీ, చక్కెర లేని టీ అని నలుగురు నాలుగు రకాలు చెప్పినా ఆయన చెయ్యి తడబడేది కాదు.

నేను ఆ సంచినే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒకనాడు ఆయనే పిలిచి కొత్త పొడి అరచేతిలో పోసి వాసన చూడమన్నాడు. పాత డబ్బా అడుగున మిగిలింది కూడా చూపించాడు. మొదటిదానికి ముక్కులో చురుక్కుమనే వాసన ఉంది, రెండోదానికి అట్టపెట్టె వాసన. "సంచిని పిండగూడదు అబ్బీ, పిండితే వగరు దిగుతాది" అన్నాడు. నీళ్లు సలసల కాగుతూ ఉన్నప్పుడే పొయ్యాలనీ, మరిగి మరిగి చప్పబడిన నీళ్లకు టీ పలకదనీ అన్నాడు. డికాషన్ ఎరుపు తగ్గిన క్షణంలో పొడి మార్చాలన్నాడు. అప్పటినుంచి పొడి మార్చే వేళ కనిపెట్టి, ఆ మొదటి గ్లాసు కోసం నాయన చొక్కా పట్టుకుని లాగేవాణ్ణి.

రెండో చదువు అవ్వది. ఎండాకాలమూ చలికాలమూ అవ్వ ఊరికి పోయేవాణ్ణి, అది పూతలపట్టు పక్క. చిత్తూరు చుట్టుపక్కల చెరుకు, గానుగ, బెల్లం మామూలే గదా. అవ్వ టీలో చక్కెర పడేది కాదు. ఎనుము పాలల్లో టీపొడి, కచ్చాపచ్చాగా దంచిన శొంఠి వేసి బాగా మరగనిచ్చి, చట్టిని పొయ్యి మీద నుంచి దించి, పొంగు అణిగినాకే బెల్లం వేసేది. మరిగే పాలల్లో బెల్లం వేస్తే పాలు విరిగిపోతాయి. కొత్త బెల్లమైతే ఇంకా తొందరగా విరుగుతాయని ఆమె ఎప్పుడూ చెప్పేది. ఆ టీలో ఆకు రుచి వెనక్కి పోయి శొంఠి ఘాటు ముందుకొస్తుంది. గానుగ ఆడే రోజుల్లో, పొగమంచులో చెరుకుతోట గట్టున కూర్చుని తాగడానికి అంతకు మించింది నేనెరగను.

మూడో చదువు మామది. అమ్మ తమ్ముడు కూనూరులో టీ ఫ్యాక్టరీలో పని చేసేవాడు. 1,800 మీటర్లకు పైన, నీలగిరుల్లో. ఒకసారి సంక్రాంతికి పొడుగాకు టీ పొట్లం తెచ్చాడు. నల్లగా, మెలితిరిగి ఉన్న ఆకులు. అమ్మ వాటిని పాలల్లో మరగబెట్టబోతే, "అక్కా, దీన్ని కాంచొద్దు" అని ఆపాడు. కాగిన నీళ్లు దించి, ఆకు వేసి, మూతపెట్టి, నాలుగు నిమిషాలు ఆగమన్నాడు. పాలు వద్దన్నాడు. పలచటి నారింజరంగు, పూల వాసన. అవ్వ ఒక గుక్క తాగి "ఇదేం టీరా, కడిగిన నీళ్ల మాదిరి ఉండాది" అని పక్కన పెట్టేసింది. నాకు మాత్రం అది ఇంకో లోకం. మామ చెంచాతో తీసి సర్రుమని గాలితో కలిపి పీల్చడం నేర్పాడు. గాలితో కలిస్తే వాసన ముక్కు వెనక భాగానికి చేరుతుంది, అక్కడే సగం రుచి తెలుస్తుంది. ఫ్యాక్టరీలో రుచి చూసేవాళ్లకు వేరే కొలత ఉంది. 1980లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు. మనం తాగేదానికంటే కటువుగా ఉంటుంది, టీలో లోపం ఉంటే దాక్కోకుండా బయటపడాలని.

ఆకు టీ తెలిసినవాళ్లు పొడిని తక్కువ చేసి మాట్లాడటం తర్వాత చాలాసార్లు విన్నాను. దాన్ని నేను ఒప్పుకోను. పొడి ఊడ్చి ఎత్తిన చెత్త కాదు. 1930లలో అస్సాంలో మొదలైన సీటీసీ పద్ధతిలో పళ్లున్న రోలర్ల నడుమ ఆకును నలిపి, చింపి, చుట్టి గుళికలు చేస్తారు. జల్లెడ పట్టినప్పుడు అన్నిటికంటే సన్నగా దిగినదే పొడి. సన్నం కాబట్టి నీళ్లు తగలగానే రంగూ బలమూ ఇచ్చేస్తుంది. చిక్కటి పాలకు ఎదురు నిలిచేది అదే. పొడుగాకు ఆ పాలల్లో అడ్రసు లేకుండా పోతుంది.

ఆ సంక్రాంతికి మామను నాయన మాస్టర్ అంగడికి తీసుకుపోయాడు. కూనూరు మనిషి మా టీని ఏమంటాడోనని నాకు బెదురు. మామ గ్లాసు పట్టుకుని మొదట రంగు చూశాడు, తర్వాత ఇంట్లో చేసినట్టే సర్రుమని పీల్చాడు. ఇంకోసారి పీల్చి, "ఏ గ్రేడు పొడి మాస్టర్?" అన్నాడు. మాస్టర్ లోపలికి పోయి రెండు పొట్లాలు తెచ్చి బల్ల మీద విప్పాడు. ఒకటి రంగు కోసం, ఇంకొకటి వాసన కోసం, తానే కలుపుకుంటాడట. ఇద్దరూ వేలితో పొడి జరుపుతూ అరవంలో తోటల పేర్లు చెప్పుకోవడం మొదలుపెట్టారు. నాయన బస్సు టైమైందని లేచాడు. మామ మాత్రం కదలకుండా ఇంకో గ్లాసు చెప్పాడు, నాక్కూడా ఒకటి.