మాట - మన్నన

తెలుగువారి యింట సంధ్యవేళ పెట్టిన దీపము నూనె చాలక ఆరినచో, పెద్దలు “ఆరిపోయినది” అని పలుకరు. “దీపము కొండెక్కినది” అందురు. వంటయింటి డబ్బాలో బియ్యము అయిపోయినచో, గృహిణి “బియ్యము లేవు” అనదు. “బియ్యము నిండుకొన్నవి” అనును. మంగళసూత్రపు తాడు తెగినచో, అది “పెరిగినది” అని చెప్పుకొందురు. ఊరికి బయలుదేరువారు “వెళ్లుచున్నాను” అనక “వెళ్లివచ్చెదను” అని సెలవు తీసికొందురు.

ఈ పలుకుబడులను నేర్పినది పాఠశాల కాదు. అక్షరజ్ఞానము లేని అవ్వలు సైతము తమ మనుమలకు వీనిని నేర్పుచు వచ్చిరి. డబ్బా మూత తీసి చూచి, “అవ్వా, బియ్యం అయిపోయాయి!” అని చిన్నపిల్ల కేక వేయును. “తప్పమ్మా, అలా అనకూడదు. నిండుకున్నాయి అనాలి” అని అవ్వ మెల్లగా దిద్దును. ఖాళీ డబ్బాను నిండినదనుట ఆ పిల్లకు వింతగా తోచును. కాని అవ్వ దృష్టిలో మాట గాలిలో కలిసిపోవు ధ్వని మాత్రము కాదు. అది ఇంటిలో తిరుగును, మనసును తాకును. లేమిని పదేపదే పలుకుచుండిన ఇంటివారి ధైర్యము సడలునని ఆమె నమ్మకము.

ఇంతకును, నిండుకొన్నవన్నంత మాత్రమున బియ్యము వచ్చునా? రాదు. కొండెక్కినదన్నంత మాత్రమున దీపము వెలుగదు. మాటకు గొప్ప శక్తి కలదు; ఆ శక్తికి ఒక హద్దును కలదు. ఈ రెండింటిని తెలుపుటకు రెండు వ్యాధుల చరిత్రలు చాలును.

పూర్వము మశూచి సోకినచో జనులు దానిని రోగమని పిలుచుటకే వెఱచి, “అమ్మవారు పోసినది” అనెడివారు. భయమును అణచుకొనుటకు వారు కనుగొన్న మెత్తని మాట అది. మాట మెత్తనిదైనను వ్యాధి మెత్తబడలేదు. అది ఎందరి ప్రాణములనో, ఎందరి కన్నులనో హరించెను. 1796లో ఇంగ్లాండులో ఎడ్వర్డ్ జెన్నర్ అను వైద్యుడు కనుగొన్న టీకా పద్ధతియే తుదకు దానిని తరిమినది. టీకాలు వేయువారు ఊరూర, ఇల్లిల్లు తిరిగి పనిచేసిన ఫలితముగా భారతదేశమున మశూచి 1975లో అంతరించెను. లోకమంతటను అది తొలగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించెను. మంచిమాట మందు చేయవలసిన పనిని చేయలేదని ఈ చరిత్ర తెలుపుచున్నది.

కుష్ఠువ్యాధి చరిత్ర దీనికి భిన్నమైనది. అది శాపము కాదనియు, ఒక సూక్ష్మజీవి వలన కలుగు వ్యాధియనియు 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనుగొనెను. అయినను భయము తగ్గలేదు. 1898లో నాటి బ్రిటిషు ప్రభుత్వము చేసిన చట్టము నిరుపేద రోగులను సంఘమునకు దూరముగా ఉంచుటకు వీలు కల్పించెను. పిమ్మట మంచి మందులు వచ్చినవి. కొన్ని మందులను కలిపి యిచ్చు చికిత్సను 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసెను. నేడు నియమము తప్పక మందులు వాడినచో ఈ వ్యాధి పూర్తిగా నయమగును. ఆ పాత చట్టము 2016లో రద్దయినది. కాని ఆ వ్యాధి పేరు మాత్రము తిట్టుగా కొందరి నోట నిలిచియే యున్నది. ఆ పేరు తన కెక్కడ అంటునో యని జంకి, చర్మముపై స్పర్శ తెలియని మచ్చ కనబడినను దానిని దాచుకొని, వైద్యుని కడకు పోక ఆలసించువారు కలరు. ఆ ఆలస్యము వలన చేతి వ్రేళ్లు, పాదములు చెడును. మందు నయము చేయగల రోగమును మాట ముదురబెట్టుచున్నది.

మంచిమాట రోగమును మాన్పలేదు; చెడుమాట మాత్రము రోగిని మందునకు దూరము చేయగలదు. కావున మృదువుగా మాటాడుట యనగా నిజమును దాచుట కాదు. రోగము ఉన్నదని చెప్పవలసిన వైద్యుడు చెప్పియే తీరవలెను. లెక్క తప్పినదని ఉపాధ్యాయుడు చూపియే తీరవలెను. ఆ చెప్పుటలో ఎదుటి మనిషిని తక్కువ చేయకుండుటయే మన్నన.

ఈ మన్నన పెద్దలకే కాదు, పిల్లలకును వలయును. తరగతిలో ఒక బాలుడు పాఠము చదువుటకు లేచును. మొదటి అక్షరమే అతని గొంతున చిక్కుకొనును. వెనుక బల్ల నుండి ఎవరో అతని నత్తిని అనుకరింతురు. తరగతి గొల్లుమనును. నాటినుండి “నత్తి” యనునదియే అతని పేరగును. గంట కొట్టగనే నవ్వినవారు ఆ సంగతి మరతురు, అతడు మరువలేడు. మరునాడు ప్రశ్నకు సమాధానము తెలిసియు అతడు చేయి ఎత్తడు. అతనికి కావలసినది జాలిమాట కాదు. అతడు మాట ముగించువరకు తొందరపెట్టక ఓపికతో వినువారు, అతనిని తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలుచువారు కావలయును.

వీథిలోనికి పోయినను ఇదియే నీతి. తండ్రి వయసు గల ఆటో నడుపువానిని, ఫలహారశాలలో బల్ల తుడుచువానిని, తెల్లవారకమునుపే వీథి ఊడ్చు స్త్రీని “ఏయ్” అని కేకవేయు పిల్లలు కలరు. “ఏమండీ” అనుటకు పట్టు కాలమెంత? తెలుగుభాష “అండీ” యను చిన్న పలుకును, “గారు” అను చిన్న మాటను అందరికొరకు ఇచ్చినది. అవి ఉద్యోగములను, ధనమును చూచి మాత్రమే వాడదగినవి కావు. నోరు మంచిదైతే ఊరు మంచిదగునని పెద్దలు ఊరక అనలేదు.

ప్రాణము లేని దీపమును గూర్చియే కఠినమైన మాట పలుకరాదని నేర్పిన యిండ్లివి. ఆ యిండ్లలో పెరుగు పిల్లలు తోడి మనిషికి అంతకంటె తక్కువ మన్నన చూపుట తగదు.